పికప్‌లో ముందు బ్రేక్ పట్టేస్తోంది, వెనక పట్టట్లేదు: ప్యాడ్లు మార్చే ముందు బండి కిందకి దూరండి

లోడు మీద బ్రేక్ కొడితే బండి ముక్కు కిందికి వంగిపోతోంది, ముందు ప్యాడ్లు వేసిన కొన్నాళ్లకే అరిగిపోతున్నాయి, వెనక డ్రమ్ము విప్పి చూస్తే లైనర్లు మాత్రం నిన్న వేసినట్టున్నాయి. వైజాగ్‌లో మా గాజువాక ఆటోనగర్‌కి ఈ కంప్లైంటుతో బండ్లు వస్తూనే ఉంటాయి, వచ్చిన ప్రతి బండికీ అప్పటికే ఎవరో ఒకరు ప్యాడ్లు మార్చేసి ఉంటారు, రెండుసార్లు మార్చినవాళ్లు కూడా ఉన్నారు. ముందు ప్యాడ్లు అరగడం జబ్బు కాదండి, వెనక చక్రాలు చెయ్యాల్సిన పని కూడా పాపం అవే చేస్తున్నాయి కాబట్టి అరుగుతున్నాయి.

మొదట ఇది నిజంగా ముందు-వెనక సమస్యేనా కాదా తేల్చుకోండి. బండి ఒక పక్కకి లాగేస్తుంటే అది వేరే కథ, కుడి ఎడమల్లో ఏదో ఒక చక్రం చూసుకోవాలి. పెడల్ రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే డబ్బా) వ్యాక్యూమ్ అందట్లేదు, అప్పుడు నాలుగు చక్రాలూ వీకే. పెడల్ లోతుకి వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి లేచి గట్టిపడుతోందంటే వెనక షూలకీ (లైనర్లు అంటించి ఉండేవి) డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగిపోయింది, సెట్టింగ్ చేస్తే సగం బాధ అక్కడే పోతుంది. స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెజర్ పుట్టించేది) చూడాలి.

ఇవేవీ కాదంటే వేడి చూడండి. లోడుతో అనంతగిరి ఘాట్ దిగి వచ్చారనుకోండి, బండి ఆపి అరచెయ్యి ఒక్కో రిమ్ముకి కాస్త దూరంలో పెట్టండి, ఆనించొద్దు, కాలిపోతుంది. ముందువి సెగలు కక్కుతూ వెనక రెండూ గోరువెచ్చగా ఉంటే వెనక్కి ప్రెజర్ వెళ్లట్లేదు, లేదా వెళ్లినా షూలు పట్టట్లేదు. వెనక రెండిట్లో ఒక్క చక్రమే చల్లగా ఉంటే ఆ డ్రమ్ము విప్పండి, షూలని తోసే వీల్ సిలిండర్ కారుతుందో, యాక్సిల్ సీలు పోయి ఆయిల్ లైనర్ల మీదకి వచ్చిందో కనిపించేస్తుంది. ఆయిల్ తాగిన లైనర్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వెయ్యకండి, దయచేసి. వేడెక్కగానే లోపలున్న ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది. సీలూ లైనర్లూ రెండూ మార్చాల్సిందే.

వెనక రెండూ ఒకేలా చల్లగా ఉంటే మాత్రం స్పానర్ పక్కన పెట్టి బండి కిందకి దూరండి. వెనక హౌసింగ్‌కి (రెండు వెనక చక్రాల మధ్య ఉండే యాక్సిల్ గొట్టం) దగ్గర్లో, ఛాసిస్‌కి బిగించి చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది, దాన్నుంచి ఒక రాడ్డో స్ప్రింగో వచ్చి హౌసింగ్‌కి తగులుకుని ఉంటుంది. అదే లోడ్ సెన్సింగ్ వాల్వ్. లోడు పడితే బాడీ కిందికి దిగుతుంది, లివర్ కదులుతుంది, వెనక్కి ఎక్కువ ప్రెజర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే బాడీ పైకి లేస్తుంది, వెనక ప్రెజర్ తగ్గిస్తుంది, లేకపోతే బరువు లేని వెనక చక్రాలు లాకైపోయి వానలో బండి తోక తిరిగిపోతుంది. కొత్త బండ్లలో ఏబీఎస్‌తో పాటు ఈబీడీ (ముందు వెనకలకి బ్రేక్ బలం పంచే సిస్టం) ఉంటే ఈ వాల్వ్ ఉండకపోవచ్చు, అక్కడ ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది.

మన వైజాగ్‌లో సముద్రపు గాలికే ఇనుము తినేస్తుంది, ఇక ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు కొట్టే బండ్లకైతే ఐసు కరిగిన ఉప్పునీళ్లు తిన్నగా ఆ లివర్ మీదే కారతాయి. లివర్ తిరిగే పివట్ దగ్గర తుప్పు పట్టి లివర్ ఖాళీ పొజిషన్లో బిగుసుకుపోతుంది. చేత్తో కదిపి చూడండి, కదలకపోతే దొంగ దొరికినట్టే. ఇది తేలిగ్గానే తెలిసిపోతుంది.

నన్ను ఏడిపించింది ఇది కాదు. లివర్ ఫ్రీగా కదులుతోంది, రాడ్డు వంగలేదు, వాల్వ్ మంచిదే, అయినా వెనక బ్రేక్ లేదు. చేపల బండే, ఓనరు నాకు బాగా తెలిసినవాడు, "ఏటి గురూ, లోడేస్తే బండి ఆగట్లేదు" అంటూ వచ్చాడు. ప్యాడ్లు వేశాను, వెనక వీల్ సిలిండర్లు రెండూ మార్చాను, మాస్టర్ సిలిండర్ కూడా మార్చాను, మూడోసారి వచ్చినప్పుడు అతని మొహం చూడలేకపోయాను, దిగుడులో ముందున్న ఆటోని తగలాల్సింది తప్పిందట. ఆ రోజు బండి కింద పడుకుని లైటు వేసి చూస్తుంటే కమాన్ కట్ట (లోడు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) మీద పడింది కన్ను. పట్టీలన్నీ తుప్పుతో ఎర్రగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం నల్లగా, కొత్త పెయింటుతో ఉంది. అడిగితే "లోడు ఎక్కువైతే ఎనక కూర్చుండిపోతందని పట్టీ ఏయించాను" అన్నాడు.

అదీ సంగతి. అదనపు పట్టీ వేస్తే బండి వెనక పైకి లేస్తుంది, పైగా లోడు వేసినా ఇంతకుముందులా దిగదు. వాల్వ్‌కి బరువు తెలీదు, బాడీకీ హౌసింగ్‌కీ మధ్య దూరం ఒక్కటే తెలుసు. నిండా లోడున్నా దానికి బండి ఖాళీగానే కనిపిస్తుంది, కాబట్టి వెనక ప్రెజర్ కట్ చేసేస్తుంది. ఇంకా కష్టమేంటంటే బరువంతా వెనకే ఉంది, అక్కడే బ్రేక్ లేదు. కమాన్ల షాపులో పట్టీ వేసేవాళ్లు ఈ రాడ్డు ముట్టుకోరు, బ్రేకులు చేసేవాళ్లు పట్టీలు లెక్కపెట్టరు, మధ్యలో డ్రైవర్ ప్రాణం. అందుకే ఇప్పుడు బ్రేక్ కంప్లైంటు అనగానే నా మొదటి ప్రశ్న, "అన్నా, కమాన్ కట్ట ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

ఖాయం చేసుకోడానికి ఒక టెస్టు ఉంది. రాడ్డుని హౌసింగ్ దగ్గర విప్పి, బాడీ దిగినప్పుడు లివర్ ఎటు కదులుతుందో అటే పూర్తిగా నెట్టి తాత్కాలికంగా తీగతో కట్టండి. మనుషుల్లేని ఖాళీ గ్రౌండులో 20 స్పీడులో బ్రేక్ కొట్టి చూడండి. వెనక గట్టిగా పట్టిందంటే వాల్వూ లైన్లూ బాగున్నాయి, తప్పంతా రాడ్డు సెట్టింగ్‌దే. తేడా రాకపోతే చాలావరకు వాల్వ్ లోపల పిస్టన్ ఇరుక్కునే ఉంటుంది, కొత్త వాల్వ్ వెయ్యాలి. టెస్టు అవ్వగానే తీగ విప్పేయండి. కొందరు అలాగే కట్టి పంపించేస్తారు, లోడు మీద బ్రహ్మాండంగా ఆగుతుంది కాబట్టి డ్రైవర్ సంతోషిస్తాడు, తర్వాత ఖాళీగా తిరిగొస్తూ వానలో బ్రేక్ కొడితే బండి రోడ్డుకి అడ్డంగా తిరుగుతుంది.

సరైన రిపేరు రెండు రకాలు. అదనపు పట్టీ తీసేసి బండిని దాని ఎత్తుకి తేవడం నాకు నచ్చిన పద్ధతి. ఓనరు తియ్యను అంటే, బండి ఎంత లేచిందో టేపుతో కొలిచి ఆ మేరకి రాడ్డు సర్దాలి, ఎంత వరకు అనేది ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది, చివరిగా ముందు లైనుకీ వెనక లైనుకీ ప్రెజర్ గేజులు పెట్టి చూసి తేల్చాలి. కంటి అంచనాతో రాడ్డు వంచకండి.

బ్రేక్ లైన్లలో ఎయిర్ తీసేటప్పుడు ఒకటి చూసుకోండి, జాకీ ఛాసిస్‌కి పెట్టి లేపితే హౌసింగ్ కిందికి వేలాడుతుంది, వాల్వ్ బండి ఖాళీ అనుకుని వెనక్కి దారి మూసేస్తుంది, అప్పుడు ఎంత పంపు కొట్టినా వెనక సరిగ్గా రాదు. బరువు చక్రాల మీదే ఉంచండి, లేదా స్టాండ్లు హౌసింగ్ కింద పెట్టండి. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీలిస్తే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు, మన ఊరి గాలికి రెండేళ్లకోసారి మార్చేస్తే మంచిది.

వెనక రబ్బరు హోస్ లోపల ఉబ్బడం, పైపు నలిగిపోవడం లాంటివి కూడా ఉంటాయి కానీ అరుదు, పైవన్నీ అయ్యాక చూడండి. అంతా అయ్యాక లోడేసి ఒక రౌండు తిరిగొచ్చి మళ్లీ నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టండి, వెనక కూడా సెగ తగులుతోందంటే ఆ బండిని ఘాట్‌కి పంపొచ్చు.