ఆదివారం మ్యాచ్‌కి బుధవారం నుంచే తయారవ్వాలి

మూడో బంతికే పట్టేసింది. వయసు ముప్పై ఎనిమిది, అయిదు రోజులుగా కుర్చీకి అతుక్కుపోయిన నడుం, చేతిలో కొత్త బంతి. రెండుసార్లు చేతులు గిరగిరా తిప్పి "రెడీ" అన్నాను. తొడ వెనక ఎవరో రాయి విసిరినట్టు తగిలింది. తిరిగి చూస్తే అంపైర్ తప్ప ఎవరూ లేరు. తర్వాత ఆరు వారాలు మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు మా జట్టు కుర్రాళ్లకి ప్రాక్టీస్ చేయించేది నేనే. బౌలర్ ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: "ఈ వారం ఎన్ని బంతులు వేశావు?" అందరూ ఆకాశం వైపు చూస్తారు.

ఆదివారం ఎనిమిది ఓవర్లు వేస్తే 48 బంతులు, వైడ్లు, నోబాల్స్ అదనం. ప్రతి బంతికీ ముందు కాలు నేలని తాకినప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం మోకాలి మీదుగా నడుం దాకా వెళ్తుంది. వారమంతా సున్నా, ఒక్కరోజే 48. ఒళ్లు దెబ్బతినేది ఈ తేడా వల్లే. అందుకే బుధవారం మూడు ఓవర్లు వేయండి, పూర్తి వేగం అక్కర్లేదు, పదికి ఏడు వంతులు చాలు. వారానికి ఒక్క ఓవర్ చొప్పున పెంచి, ఆరు దగ్గర ఆపండి. నెట్స్‌లో వేసినవీ, మ్యాచ్ ముందు సరదాగా వేసినవీ అన్నీ లెక్కలోకి వస్తాయి. రెండు వారాలు ఊరెళ్లి వచ్చారా, మళ్లీ మూడు నుంచే. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

రనప్, అంటే బంతి వేసే ముందు తీసే పరుగు, దాని సంగతి చాలామంది పట్టించుకోరు. క్రీజ్ దగ్గర నిలబడి, వికెట్లకి వీపు పెట్టి, బంతి వేసేటప్పటి ఊపుతో బయటివైపుకి పరిగెత్తండి. ఎక్కడ ఎగిరి బంతి వదలాలనిపిస్తుందో అక్కడే వదిలేయండి. ముందు కాలు పడినచోట పక్కనున్నవాణ్ణి గీత గీయమనండి. ఇలా ఆరుసార్లు చేస్తే నాలుగు గీతలు దగ్గరదగ్గరగా పడతాయి. అదే మీ దూరం. దాన్ని అంగలతో కాకుండా బూటు ముందు బూటు పెట్టి కొలవండి. అలిసిపోయాక అంగ పొట్టిదవుతుంది, బూటు మారదు కదా! ఈ ముక్క తెలిసేలోపు నేను వేసిన నోబాల్స్‌కి మా కెప్టెన్ దగ్గర ఇప్పటికీ లెక్కుంది.

నడుం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తుంట్లు బ్యాటర్ వైపు తిరిగి ఉండి, భుజాలు మాత్రం పక్కకి తిరిగితే వెన్ను మెలిపడుతుంది. మిక్స్‌డ్ యాక్షన్ అనేది దీన్నే. ఫాస్ట్ బౌలర్లకి వెన్నెముక కింది భాగంలో సన్నటి పగుళ్లు రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ 1973లో ఈ పగుళ్లతోనే ఆటకి దూరమై, ఇంగ్లండ్‌తో ఆడే యాషెస్ సిరీస్‌కి 1974-75లో తిరిగొచ్చాడు. బుమ్రా 2023లో వెన్నుకి ఆపరేషన్ చేయించుకున్నాడు. చుట్టూ ఫిజియోలున్న వాళ్ల పరిస్థితే అది. మీ ఫోన్‌ని వికెట్ల వెనక నడుం ఎత్తున పెట్టించి నాలుగు బంతులు తీయించుకోండి. వెనక కాలు పడిన క్షణంలో వీడియో ఆపి చూడండి. భుజాలూ తుంట్లూ ఒకే దిక్కుకి ఉంటే మంచిదే. లేకపోతే తెలిసిన కోచ్‌కి చూపించండి. యాక్షన్‌ని సొంతంగా వీడియోలు చూసి మార్చుకోవద్దు, ఒక నొప్పి పోయి ఇంకోటి వస్తుంది.

తొడ వెనక కండరానికి నేను నమ్మేది ఒక్క కసరత్తు, నార్డిక్. మెత్తటి చోట మోకాళ్ల మీద నిలబడాలి. ఒకడు వెనక నుంచి మడమలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఒళ్లు కర్రలా నిటారుగా ఉంచి, వీలైనంత మెల్లగా ముందుకి వాలాలి. ఇక ఆగలేనన్నప్పుడు చేతులు ఆనించాలి. మొదటి వారం మూడు సార్లు చొప్పున రెండు విడతలు, అంతే. మర్నాడు కూర్చుని లేవడానికి తంటాలు పడతారు, కాబట్టి సోమవారమో మంగళవారమో చేయండి. మా వాడొకడు శనివారం సాయంత్రం చేసి, ఆదివారం ఫైన్ లెగ్‌లో బంతికి సెల్యూట్ చేస్తూ నిలబడ్డాడు. దీనికి తోడు పిక్కల కోసం ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తడం, సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఆని ఒళ్లు నిటారుగా నిలపడం). వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, చేయడమే.

మ్యాచ్ రోజు వార్మప్‌కి పావుగంట. నెమ్మదిగా పరుగు, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, లంజెస్ (ఒక కాలు ముందుకి వేసి మోకాళ్లు వంచి దిగడం), వేగం పెంచుకుంటూ మూడు స్ప్రింట్లు. త్రోలు దగ్గర నుంచి మొదలుపెట్టి దూరం పెంచాలి. చివర్లో నడుస్తూ రెండు బంతులు, సగం రనప్‌తో రెండు, పూర్తిగా రెండు. ఒకే భంగిమలో నిమిషాల తరబడి సాగదీయడం ఆట అయ్యాక చేసుకోవచ్చు. అసలు ప్రమాదం మ్యాచ్ మధ్యలో ఉంది: గంటసేపు బౌండరీ దగ్గర నిలబడ్డవాడికి హఠాత్తుగా బంతి ఇవ్వడం. కెప్టెన్లూ, రెండు ఓవర్ల ముందే సైగ చేయండి. బౌలరూ, సైగ రాకపోయినా ఓవర్ల మధ్య నాలుగడుగులు పరిగెత్తుతూ ఉండు.

బ్యాటింగ్ టెక్నిక్ జోలికి నేను పోను, అది చెప్పేవాళ్లు వీధికి పదిమంది. పరుగు మాత్రం చెప్తాను. పిచ్ 22 గజాలైనా క్రీజ్ నుంచి క్రీజ్‌కి ఉండేది 17.68 మీటర్లే. క్రీజ్‌కి ఒక మీటరు ముందే వంగి బ్యాట్‌ని నేల మీద జార్చండి. తిరిగేటప్పుడు బంతి కళ్లకి కనబడే వైపుకే తిరగండి, అవసరమైతే బ్యాట్ చెయ్యి మార్చుకోండి. పరుగు ప్రాక్టీస్ ప్యాడ్లు కట్టుకునే చేయాలి, రెండేసి పరుగులు ఆరుసార్లు, మధ్యలో అర నిమిషం విరామం. ప్యాడ్లు లేకుండా అందరూ చిరుతలే.

పిలుపు విషయంలో ఒక అనుభవం. "రా" అన్నా "రాకు" అన్నా గాలికి సగమే వినబడుతుంది. నేను "రాకు" అన్నాను, మావాడికి "రా" వినిపించింది, ఇద్దరం ఒకే క్రీజ్‌లో కలుసుకున్నాం. అప్పటి నుంచి మా జట్టులో మూడే మాటలు: యెస్, నో, వెయిట్.

ఇక నొప్పులు. కండరం బిగుసుకుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. కుడిచేతి బౌలర్‌కి నడుం ఎడమవైపు, ఒకేచోట, వెనక్కి వంగినప్పుడు పోటు పెరుగుతుంటే మాత్రం అది మామూలు నొప్పి కాకపోవచ్చు. డాక్టర్ చూసి సరేననేదాకా బంతి ముట్టుకోవద్దు. ఆ ఆదివారాలు స్కోర్ బుక్ తీసుకోండి, అది రాయడానికి ఏ జట్టులోనూ మనిషి దొరకడు.