షియాన్‌లో చారిత్రక స్థలాలు చూడటం ఎలా

చైనాలోని షియాన్ వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. అక్కడ చూడాల్సినవి ఒకే కాలానివి కావు, ఒకేచోటా లేవు. మట్టి సైనికులు, అంటే చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన బొమ్మలు, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి చిన్ వంశానివి, ఊరికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. తాంగ్ వంశ కాలపు (7–10 శతాబ్దాలు) బౌద్ధ గోపురాలైన పగోడాలు రెండూ కోటగోడకు దక్షిణంగా, బయట ఉంటాయి. కోటగోడ, గంట బురుజు, నగారా బురుజు మింగ్ వంశ కాలానివి (14–17 శతాబ్దాలు), ఊరి నడిబొడ్డున ఉన్నాయి. కాలానికొక రోజు చొప్పున మూడు రోజులు పెట్టుకుంటే ఒకేచోటికి రెండుసార్లు తిరిగే పని ఉండదు. బస గంట బురుజు దగ్గర గానీ, దక్షిణ ద్వారమైన యోంగ్‌నింగ్‌మెన్ దగ్గర గానీ చూసుకోండి. హైస్పీడ్ రైళ్లు ఆగే ఉత్తర స్టేషన్ నుంచి మెట్రో 2వ లైన్ ఈ రెండుచోట్లకూ నేరుగా వస్తుంది.

భారత పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. ముఖ్యమైన చోట్ల టికెట్లు పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూపాలి, జెరాక్సు చెల్లదు. మన పేర్లు పొడుగు కాబట్టి బుకింగ్ ఫారంలో ఇంటిపేరు, సొంతపేరు తారుమారవుతుంటాయి. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అలాగే నింపండి, నంబరు మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. షాన్షీ చరిత్ర మ్యూజియం ప్రవేశం ఉచితమే, కానీ ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు, పైగా సోమవారం సెలవు. మే డే సెలవుల్లోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ అసలు వెళ్లకండి. ఆ రోజుల్లో దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది.

యూపీఐ పనిచేయదు. బయల్దేరే ముందే ఫోన్‌లో అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ వేసుకుని, వీసా లేదా మాస్టర్‌కార్డ్ జతచేసి, పాస్‌పోర్టు ధ్రువీకరణ పూర్తి చేయండి. అంతర్జాతీయ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ఆన్ చేయకపోతే అక్కడ కార్డు తిరస్కరిస్తుంది. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే రుసుము పడుతుంది. కొంత చిల్లర నగదు కూడా ఉంచుకోండి. గూగుల్ మ్యాప్ చైనాలో దారి తప్పిస్తుంది, అమాప్ వాడండి. మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుంటే వాట్సాప్ మామూలుగా నడుస్తుంది.

మట్టి సైనికుల దగ్గరికి మెట్రో 1వ లైన్‌లో ఫాంగ్‌జిచెంగ్ వరకు వెళ్లి, అక్కడ 9వ లైన్ మారి హువాచింగ్‌చిలో దిగండి. అక్కణ్నుంచి బస్సు గానీ టాక్సీ గానీ ఉంటుంది. స్టేషన్ బయట "రండి, తీసుకెళ్తాం" అని పిలిచేవాళ్ల వెంట వెళ్తే కొత్తగా కట్టిన నకలు ప్రదర్శనకో, బొమ్మల దుకాణానికో చేరుస్తారు. టికెట్ 120 యువాన్లు. సైనికులు బయటపడ్డ గుంతలు మూడున్నాయి, ఉదయం తెరిచే వేళకే చేరితే మొదటి గుంతకు వెళ్లండి. ఆలస్యమైతే మూడో గుంత, రెండో గుంత చూసి, జనం పలచబడ్డాక మొదటిదానికి రండి. మొదటి గుంత పొడవు 230 మీటర్లు. తోపులాటంతా ముందు కటకటాల దగ్గరే. పక్క దారిన వెనక్కి నడిస్తే ముక్కలు అతికిస్తున్న బొమ్మలు దగ్గరగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఇవన్నీ రంగులతో ఉండేవి. తవ్వి తీయగానే కింది లక్క పొర గాలికి ఆరి, ముడుచుకుని, రంగుతో సహా రాలిపోయింది.

రెండో గుంతలో గాజుపెట్టెలో ఉన్న మోకాలి మీద కూర్చున్న విలుకాడిని తప్పక చూడండి. ముందునుంచి చూసి వెళ్లిపోకుండా వెనక్కి వెళ్లి పాదం చూడాలి. చెప్పు అడుగున కుట్లు కూడా చెక్కారు, అవి వేళ్ల దగ్గర, మడమ దగ్గర దట్టంగా, మధ్యలో పలచగా ఉంటాయి. 1980లో దొరికిన రెండు కంచు రథాలను 2021లో చక్రవర్తి సమాధి దిబ్బ ఉన్న లిషాన్ ఉద్యానంలోకి మార్చారు. చాలామంది అవి లేవనుకుని తిరిగొచ్చేస్తారు. అదే టికెట్ మీద ఉచిత బస్సులో అక్కడికి వెళ్లొచ్చు. చక్రవర్తి సమాధిని ఇప్పటికీ తవ్వలేదు.

పగోడాల రోజున పెద్ద హంస పగోడాతో మొదలుపెట్టండి. దాయాన్‌తా స్టేషన్‌లో 3, 4 లైన్లు కలుస్తాయి. భారతదేశం నుంచి 645లో తిరిగొచ్చిన హుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో దీన్ని కట్టారు. ఆంధ్రదేశంలో తిరిగి, ధాన్యకటకంలో (ఇప్పటి అమరావతి దగ్గర) ఉండి చదువుకున్నది ఈయనే కాబట్టి అమరావతి చూసినవాళ్లకు ఈ చోటు మీద ప్రత్యేకమైన మమకారం కలుగుతుంది. గుడి టికెట్ వేరు, పగోడా ఎక్కే టికెట్ వేరు. దక్షిణాన వెలుగులతో కనిపించే తాంగ్ వీధి మాత్రం ఈ మధ్య కట్టింది. నా ఓటు చిన్న హంస పగోడాకే. 1556 భూకంపంలో దాని పైభాగం కూలి, పదిహేను అంతస్తుల్లో పదమూడే మిగిలాయి. తోట ప్రశాంతంగా ఉంటుంది, మంగళవారం సెలవు.

కోటగోడ చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, పైనే అద్దె సైకిల్ తీసుకుంటే ఒక చుట్టుకు రెండు గంటలు పెట్టుకోండి. ఇటుకల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, నీడ ఉండదు, వాన పడితే సైకిళ్లు ఇవ్వరు. వేసవిలో సాయంత్రం వెళ్లడం మేలు, కానీ సైకిళ్లు ఎన్నింటికి ఆపుతారో ముందే అడగండి. దిగాక నగారా బురుజు దాటి ముస్లిం వీధుల్లోకి నడవండి. ఆ సందుల్లోని పెద్ద మసీదు చూడటానికి చైనా గుడిలా ఉంటుంది, కానీ ముఖం పడమటికి, మక్కా వైపు. ప్రార్థనా మందిరంలోకి ముస్లింలకే ప్రవేశం, ప్రాంగణాలన్నీ అందరూ చూడొచ్చు.

ఆ వీధుల్లో పంది మాంసం ఉండదు, గొర్రె మాంసం మాత్రం అంతటా ఉంటుంది. శాకాహారులు "వో చి సు" (నేను శాకాహారం తింటాను) అని చెప్పి ల్యాంగ్‌పి అడగండి. చల్లటి గోధుమపిండి లేదా బియ్యప్పిండి పట్టీల్లో వెనిగర్, మిరపనూనె కలిపి ఇస్తారు, మన నాలుకకు ఇట్టే పట్టేస్తుంది.