క్వెరీ నడుస్తుంది, ఎర్రర్ లేదు, రికార్డులు మాత్రం రావు

సమస్య: డేటాబేస్‌ని ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాషలో సెలెక్ట్ క్వెరీ కొట్టారు, ఎర్రర్ ఏమీ లేదు, వచ్చింది మాత్రం సున్నా రికార్డులు. టేబుల్‌లో డేటా ఉందని మీకు గట్టి నమ్మకం.

ముందు ఆ నమ్మకం సంగతి తేల్చండి. ఏ డేటాబేస్‌లో ఉన్నారు? మైఎస్‌క్యూఎల్‌లో ‘సెలెక్ట్ డేటాబేస్()’, పోస్ట్‌గ్రెస్‌లో ‘సెలెక్ట్ కరెంట్_డేటాబేస్()’ అని అడిగితే పేరు చెప్పేస్తుంది. ఇంత చిన్న పని ఎవరూ చేయరు. టెస్ట్ డేటాబేస్‌లో కూర్చుని అసలు డేటా కోసం వెతుకుతూ టెన్షన్ పడతారు. తర్వాత క్వెరీలో షరతు పెట్టే వేర్ భాగాన్ని తీసేసి, ఎన్ని రికార్డులున్నాయో కౌంట్ చూడండి. అదీ సున్నా అయితే, డేటా ఇన్సర్ట్ చేసిన సెషన్‌లో దాన్ని ఖాయం చేసే కమిట్ మర్చిపోయారేమో చూడాలి.

కౌంట్ బాగానే ఉండి, క్వెరీలో ‘నాట్ ఇన్’ (ఈ జాబితాలో లేనివి) కనిపిస్తే ఇక నా అనుమానమంతా దాని మీదే.

ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లు కావాలనుకోండి. అందరూ రాసేది ఇదే:

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్స్ వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ కస్టమర్_ఐడీ ఫ్రమ్ ఆర్డర్స్);

కస్టమర్లు 1 నుంచి 5 దాకా. ఆర్డర్స్‌లో 1, 2 ఉన్నాయి, ఇంకో ఆర్డర్‌కి కస్టమర్_ఐడీ నల్. రావాల్సింది 3, 4, 5. వచ్చేది శూన్యం. ఎందుకంటే డేటాబేస్ దీన్ని ‘3 అనేది 1 కాదు, 2 కాదు, నల్ కూడా కాదు’ అని విడదీసి చూస్తుంది. నల్ అంటే విలువ తెలియదని. తెలియనిదాంతో పోలిస్తే అవుననీ రాదు, కాదనీ రాదు. వేర్ మాత్రం ఖచ్చితంగా అవునన్నవాటినే ఉంచుతుంది. ఆ ఒక్క నల్ దెబ్బకి అన్నీ పోతాయి.

‘నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ’ అంటారు. చేస్తుంది మరి, ఆ నల్ ఆర్డర్ ఇవాళే పడింది! పైగా ‘ఇన్’తో రాస్తే 1, 2 చక్కగా వస్తాయి కాబట్టి సబ్‌క్వెరీ, అంటే బ్రాకెట్లలోని లోపలి క్వెరీ మీద ఎవరికీ అనుమానం రాదు.

నిర్ధారణకి ఆర్డర్స్‌లో ‘వేర్ కస్టమర్_ఐడీ ఈజ్ నల్’ పెట్టి కౌంట్ తీయండి. ‘= నల్’ అని రాశారో, ఎన్ని నల్‌లున్నా సున్నాయే చూపిస్తుంది.

పరిష్కారం, నాట్ ఎగ్జిస్ట్స్. ఇది సరిపోయే ఆర్డర్ ఒక్కటైనా ఉందా అని మాత్రమే చూస్తుంది, నల్ అడ్డురాదు:

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్స్ సి వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ ఆర్డర్స్ ఓ వేర్ ఓ.కస్టమర్_ఐడీ = సి.ఐడీ);

సబ్‌క్వెరీలో ‘ఈజ్ నాట్ నల్’ తగిలించినా పని జరుగుతుంది, కానీ తర్వాత ఎవరో దాన్ని అనవసరమనుకుని తీసేస్తారు. అసలు ఆ కాలమ్ ఖాళీగా ఉండకూడనిదైతే క్రియేట్ టేబుల్‌లోనే ‘నాట్ నల్’ పెట్టాల్సింది. ఇప్పుడు ఉన్న టేబుల్‌ని మార్చే ఆల్టర్‌తో పెట్టాలంటే ముందు పాత నల్‌లను సరిచేసుకోవాలి.

ఇవేవీ కాకపోతే పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడానో, విలువ చివర అతుక్కున్న స్పేసో అయ్యుంటుంది. అరుదు. నెలాఖరు రికార్డులు మాత్రమే రావట్లేదంటే, తేదీతో పాటు సమయం కూడా ఉన్న కాలమ్‌కి బిట్వీన్ (ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా) వాడి ఉంటారు: 31 అని రాస్తే ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటల దగ్గరే ఆగిపోతుంది. ‘వచ్చే నెల 1 కంటే తక్కువ’ అని రాయండి.