అడవిలో పాడుబడిన రాతి ఇల్లు కనిపిస్తే

అడవి దారిలో నడుస్తున్నప్పుడు చెట్ల మధ్య తిన్నటి గీత ఒకటి కంటపడితే ఆగండి. అడవిలో తిన్నటి గీతలు అరుదు. దగ్గరికి వెళ్తే అది నాచు పట్టిన గోడ. ఇంకొంచెం ముందుకెళ్తే గోడ మూల తిరుగుతుంది, ఆ తర్వాత గడప కనిపిస్తుంది. గడప చూడగానే కాళ్ళు అటే లాగుతాయి. అప్పుడే లోపలికి వెళ్ళకండి. ముందు గోడలకు దూరంగా ఉంటూ, తొందర లేకుండా, ఇల్లంతా బయటి నుంచి ఒకసారి చుట్టి రండి. లోపల చూడబోయేదాంట్లో సగం బయటే తెలిసిపోతుంది. ఆ గోడ మీ మీద పడే స్థితిలో ఉందో లేదో కూడా బయటి నుంచే తెలుస్తుంది.

పాత రాతి కట్టడాలకు సున్నంతో మరమ్మతులు చేయడం నా పని. సెలవు దొరికితే అడవుల్లో నడుస్తాను, నడిచేటప్పుడు కూడా కళ్ళు గోడల మీదే ఉంటాయి. ఇలాంటి ఇళ్ళను చూడటంలో నేను గట్టిగా నమ్మేది ఒకటే: అక్కడ దొరికే వస్తువుల కన్నా, ఏది ఎక్కడ పడి ఉందన్నదే ముఖ్యం. ద్వారబంధం పక్కన నేల మీద ఉన్న మేకు ఆ తలుపు ఏ కాలానిదో చెబుతుంది. అదే మేకును జేబులో వేసుకుని ఇంటికి తెస్తే తుప్పు పట్టిన ఇనుప ముక్క, అంతే.

బయలుదేరే ముందు

పాత మ్యాపులు చూడండి. ఇప్పటి మ్యాపులో ఉత్త అడవిగా కనిపించే చోట, పాత మ్యాపులో చిన్న నల్ల చుక్కలు ఇళ్ళను చూపిస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అమెరికాలో జియోలాజికల్ సర్వే వారి పాత మ్యాపులు, స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన మ్యాపులు ఈ పనికి బాగా పనికొస్తాయి. ఏ మ్యాపులోనైనా సరే, వాగుకు దగ్గరగా, కానీ వరద అందనంత ఎత్తులో, కాస్త చదునుగా ఉన్న చోటు వెతకండి. ఇల్లు కట్టుకునేవాడు ఎక్కడైనా అదే వెతుకుతాడు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పార్కు వాళ్ళే గుర్తుపెట్టిన చోటికి వెళ్ళడం మంచిది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో క్వాబిన్ జలాశయం కోసం 1938లో నాలుగు ఊళ్ళను రద్దు చేశారు. వాటిలో ఒకటైన డేనా ఊరి నడిబొడ్డు నీళ్ళలో మునగలేదు. ఇళ్ళు తీసేశారు, పునాదులు, నేలమాళిగల గుంటలు చెట్ల మధ్య అలాగే ఉన్నాయి. అలాంటి చోట కళ్ళకు అలవాటైతే, తర్వాత ఎవరూ చెప్పకుండానే అడవిలో పునాదిని గుర్తుపట్టగలరు. స్కాట్లాండ్ కొండల్లో 18, 19 శతాబ్దాల్లో రైతు కుటుంబాలను ఖాళీ చేయించిన లోయల్లో పైకప్పులేని ఇళ్ళు ఇప్పటికీ వరుసగా ఉన్నాయి. అక్కడ ఒక్కో ఇల్లు కాదు, ఊరంతా ఎలా అమరిందో చూడొచ్చు.

ఆకులు రాలిన కాలంలో వెళ్ళండి. పొదలు పలచబడితే గోడలు దూరం నుంచే కనిపిస్తాయి, కాలు ఎక్కడ పెడుతున్నారో కూడా తెలుస్తుంది. ఆ భూమి ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోండి. పాడుబడినంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. పొడవు ప్యాంటు, మందపాటి బూట్లు, చేతికర్ర, ఈల, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు ఉండాలి. ధనుర్వాతం టీకా బూస్టర్ వేయించుకుని పదేళ్ళు దాటితే వేయించుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పి వెళ్ళండి.

గోడ నిలబడి ఉందా, ఊరికే ఆగి ఉందా

ఇక్కడ నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మనుషులకు దెబ్బలు తగిలేది ఇక్కడే.

మందపాటి రాతి గోడ చాలాసార్లు నిజానికి రెండు గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిల్లరాళ్ళు, మట్టి, సున్నం. ఆ రెండు వరసలనూ కలిపి పట్టుకునేవి గోడ మందమంతా పట్టేలా అడ్డంగా పెట్టిన పొడవు రాళ్ళు. పైకప్పు ఉన్నంత కాలం ఈ ఏర్పాటు వందల ఏళ్ళు నిలుస్తుంది. పైకప్పు పోయాక వాన నేరుగా గోడ నెత్తిన పడుతుంది. నీరు మధ్యలోకి దిగి మట్టిని, సున్నాన్ని కడిగేస్తుంది. చిల్లరాళ్ళు కిందికి జారి, అక్కడ బిగుసుకుని, బయటి వరసను నెడతాయి. చలి దేశాల్లో ఆ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి ప్రతి చలికాలం రాళ్ళను ఇంకొంచెం జరుపుతుంది.

అందుకే గోడను ఎదురుగా కాదు, పక్క నుంచి, దాని పొడవు వెంబడి చూడండి. మధ్యలో పొట్ట ఉబ్బినట్టు ఉంటే దాని దగ్గరికి వెళ్ళొద్దు. పైకి వెళ్ళేకొద్దీ లోపలికి కొంచెం వాలి ఉంటే భయం లేదు, చాలా గోడలను కావాలనే అలా కడతారు. బయటికి వాలితే మాత్రం ప్రమాదం. గోడ పాదం దగ్గర కొత్తగా పడిన రాళ్ళున్నాయేమో చూడండి. విరిగిన ముఖం శుభ్రంగా ఉండి, నాచు లేకపోతే అవి ఈమధ్యే పడ్డాయి. ఇంకా పడతాయి.

పైకప్పు వాలును మోసిన త్రికోణపు పక్కగోడ అన్నిటికన్నా మోసపూరితం. చూడటానికి ఇల్లంతటికీ అదే బలంగా కనిపిస్తుంది, అందరూ ఫొటో దిగేది దాని కిందే. దాన్ని పట్టి ఉంచిన వాసాలు, దూలాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడది గాలికి ఒంటరిగా నిలబడిన పలక. ఒంటరిగా మిగిలిన పొగగొట్టం కూడా అంతే. గోడ ఎంత ఎత్తుందో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండటం నా పద్ధతి. పెద్ద వాన, పెనుగాలి, మంచు కరిగే రోజుల తర్వాత కొన్నాళ్ళు అసలు వెళ్ళను.

ద్వారం పైన ఉన్నది రాయా, కర్రా అన్నది కూడా దూరం నుంచే చూడండి. కర్ర దూలం లోపల పుచ్చి డొల్ల అయిపోతుంది. దాని పైన రాళ్ళు ఒకదానినొకటి ఒత్తుకుని వంపులా ఆగి ఉంటాయి. ఒక్క రాయి కదిలితే మిగతావి ఆగవు. ఆ ద్వారం కింద నుంచి వెళ్ళొద్దు. గోడలు ఎక్కొద్దు, రాయి లాగొద్దు, అల్లుకున్న తీగలను పీకొద్దు. కొన్ని చోట్ల ఆ తీగ వేళ్ళే గోడను పట్టి ఉంచుతాయి.

ఇక బావి. ప్రతి ఇంటికీ నీళ్ళు కావాలి కాబట్టి దగ్గర్లో వాగో ఊటో లేకపోతే బావి ఉందనే అనుకోండి. వెళ్ళిపోయేవాళ్ళు దాని మీద చెక్కలు పరిచి ఉండొచ్చు. ఆ చెక్కల మీద ఆకులు, ఆకుల మీద మట్టి పేరుకుని మామూలు నేలలాగే కనిపిస్తుంది. గుండ్రంగా కుంగిన చోటు, గుండ్రంగా పేర్చిన రాళ్ళు, నేల మీద చెక్క కనబడితే పక్కకు తప్పుకోండి. కర్రతో పొడిచి చూడటం కూడా వద్దు, ఎందుకంటే అంచు కూడా కుంగుతుంది. పిల్లలు వెంట ఉంటే చేయి వదలొద్దు.

రాళ్ళ సందుల్లో పాములు, తేళ్ళు, కందిరీగలు ఉంటాయి. కనబడని చోట చేయి పెట్టకండి, అంతకన్నా చెప్పేదేం లేదు.

ఇంటిని చదవడం

బయట చుట్టి రావడం అయ్యాక, భయం లేదనిపించిన వైపు నుంచి ఖాళీ జాగాలోకి వెళ్ళండి. నేను మొదట వెతికేది పొయ్యి. తరచూ మంట తగిలిన రాయి పగుళ్ళిస్తుంది, రంగు మారుతుంది. ఇనుము ఉన్న రాళ్ళు సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎర్రబారడం మొదలవుతుంది, ఆ ఎరుపు మళ్ళీ పోదు. ఎరుపు ఒక్క చోటే ఉంటే అది పొయ్యి. కిటికీల చుట్టూ, ద్వారం పైన, అన్ని గోడల మీదా ఉంటే ఆ ఇల్లు తగలబడింది. ఈ తేడా కనిపెట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కుటుంబం సామాను సర్దుకుని వెళ్ళిపోయిందా, ప్రాణాలతో పరుగెత్తిందా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

పొయ్యి ఎక్కడా లేదా? అయితే అది పశువుల పాక కావచ్చు. నేల మీద మధ్యగా పారే రాతి కాలువ, వెడల్పు ద్వారం, కిటికీలకు బదులు సన్నటి సందులు ఉంటే అనుమానం అక్కర్లేదు. పొయ్యి మనిషి ఎత్తుకు పైన, గోడకు వేలాడుతున్నట్టు కనిపిస్తే అక్కడ పై అంతస్తు ఉండేది. గోడలో ఒకే మట్టంలో వరుసగా చదరపు రంధ్రాలు చూడండి. నేల చెక్కలను మోసిన దూలాల చివర్లు అందులో కూర్చునేవి.

మూలలు చూడండి. మంచి మేస్త్రీ మూలకు పెద్ద రాళ్ళు ఏరి పెడతాడు. ఒక రాయి పొడవు ఇటు, దాని మీది రాయి పొడవు అటు. గోడ మధ్యలో కింద నుంచి పై దాకా ఒకటే నిలువు సందు కనబడితే, ఒకప్పుడు ఇల్లు అక్కడితో అయిపోయేదని అర్థం. అవతలిది తర్వాత కట్టిన గది. పిల్లలు పుట్టారో, పంట బాగా పండిందో, ఎవరైనా వచ్చి చేరారో, ఆ ఇల్లు ఒకప్పుడు పెరిగింది. పాడుబడిన ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు ఇదే. కూలడం అందరికీ కనిపిస్తుంది, పెరగడం వెతికితేనే కనిపిస్తుంది.

రాళ్ళ మధ్య ఏముందో కూడా గమనించండి. ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి ఉండొచ్చు, మట్టి ఉండొచ్చు, తెల్ల గడ్డలు కనిపించే మెత్తటి సున్నం ఉండొచ్చు. బూడిదరంగు గట్టి సిమెంటు ఉంటే ఆ పని మరీ పాతది కాదు: పోర్ట్‌లాండ్ సిమెంటుకు, అంటే ఇప్పుడు మనం వాడే మామూలు సిమెంటు రకానికి, పేటెంటు వచ్చింది 1824లో, మామూలు ఇళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కానీ సందుల్లో పైపైనే సిమెంటు ఉండి, లోతున సున్నం ఉంటే ఇల్లు పాతదే, మరమ్మతు కొత్తది.

చిన్న వస్తువులు, చెట్లు

మేకులు చేత్తో ముట్టకుండానే చదవొచ్చు. నాలుగు వైపులా సన్నబడి, తల మీద సుత్తి దెబ్బలు ఉంటే కమ్మరి చేసింది. రెండు వైపులే సన్నబడిన చదరపు మేకు యంత్రం కోసినది, అలాంటివి 1790ల నుంచి మొదలయ్యాయి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివర్లో వాటి స్థానంలోకి వచ్చాయి. గాజు సీసా పక్క మీది అతుకు గీత మూతి అంచు దాకా వెళ్తే అది పూర్తిగా యంత్రం మీద చేసిన సీసా, అంటే దాదాపు 20వ శతాబ్దానిది. చెట్టు మింగేసిన ముళ్ళతీగ కనిపిస్తే, ఈనాటికీ వాడే రకానికి జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు పొందింది 1874లో అని గుర్తుపెట్టుకోండి. ఒక్క వస్తువుతో తేదీ తేల్చకండి. పాత మేకులను జనం తిరిగి వాడతారు, కొత్త సీసాను నిన్న ఎవరో పారేసి ఉండొచ్చు. మూడు నాలుగు గుర్తులు ఒకే కాలాన్ని చూపిస్తే అప్పుడు నమ్మండి.

గది మధ్యలో మొలిచిన చెట్టు మంచి సాక్షి. ఆ చెట్టు వయసెంతో, కనీసం అన్నేళ్ళుగా ఆ ఇంటికి పైకప్పు లేదు. మనుషులు, పశువులు చాలాకాలం ఉన్న నేలలో ఫాస్ఫేటు పేరుకుంటుంది కాబట్టి చలి దేశాల్లో అలాంటి చోట ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ మొక్క దట్టంగా మొలుస్తుంది. అడవి మధ్య డాఫడిల్స్, లైలాక్ లాంటి తోట మొక్కలు కనిపిస్తే నాటిన చెయ్యి ఒకటి ఉండేదన్నమాట.

రాసుకోవడం, వదిలేయడం

ఫొటోలు ఉదయం పూటో సాయంత్రమో తీయండి. ఏటవాలు వెలుగులో ఉలి దెబ్బలు స్పష్టంగా పడతాయి. కొలత తెలిసేలా చేతికర్రను ఫ్రేములో ఉంచండి. అడుగులతో కొలిచి ఇంటి పటం గీయండి, ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి, పొయ్యి, ద్వారం, నిలువు సందు ఎక్కడున్నాయో రాయండి. ఇందుకు బొమ్మలు వేయడం రానవసరం లేదు.

ఏదీ తీసుకెళ్ళొద్దు, తవ్వొద్దు. చాలా చోట్ల ఇది చట్టం కూడా. అమెరికాలో 1979 నాటి చట్టం ప్రభుత్వ భూముల్లో నూరేళ్ళు దాటిన పురావస్తువులకు రక్షణ ఇస్తుంది. భారతదేశంలో 1972 నాటి పురావస్తు చట్టంలో కూడా గీత నూరేళ్ళ దగ్గరే ఉంది. ఎవరో గడపరాయిని పెకలించి తీసుకెళ్ళిన ఇంటిని నేను చూశాను. అక్కడి నుంచి గోడ మొత్తం విప్పుకుపోయింది. సరదాకు రాళ్ళు పేర్చి బొమ్మలు కట్టడం కూడా వద్దు, వచ్చే ఏడాది చూసేవాడికి ఏది ఇంటిదో ఏది మీదో తెలియదు. పక్కన సమాధులుంటే గొంతు తగ్గించి, వాటి మీద కాలు పడకుండా నడవండి. ఖచ్చితమైన లొకేషన్‌ను సోషల్ మీడియాలో పెట్టకండి, స్థానిక చరిత్ర సంఘానికో పురావస్తు శాఖకో పంపండి.

తెరిచిన బావి గానీ, కుంగిన చెక్కలు గానీ కనిపిస్తే మాత్రం పటం, ఫొటోలు సిద్ధమయ్యే దాకా ఆగకండి. ఆ చోటు కోఆర్డినేట్లు ఫోన్‌లో సేవ్ చేసుకుని, సిగ్నల్ అందగానే భూమి యజమానికో అటవీ సిబ్బందికో ఆ రోజే చెప్పండి.