కీలు ఆపరేషన్ అయిన గుర్రం మళ్లీ స్వారీకి: ఎక్కడ తేడా వస్తుంది, ఎందుకు, ఏం చేయాలి

ముందుకాలి మోకాలులోనో ఫెట్‌లాక్‌లోనో (గిట్టకు పైన ఉండే కీలు) ఊడిన చిన్న ఎముక ముక్కను ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) తీయించిన థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రానికి ఇది పనికొస్తుంది. రేసుల్లో పరిగెత్తి తర్వాత స్వారీ నేర్పే చోట్లకు వచ్చే గుర్రాల్లో ఈ రెండు కీళ్ల బాధ ఎక్కువ. స్క్రూలు వేసిన పగులుకూ, మృదులాస్థి బాగా దెబ్బతిన్న కీలుకూ ఈ గడువులు చాలవు.

సాఫీగా జరిగితే క్రమం ఇది. మొదటి రెండు వారాలు శాలలోనే విశ్రాంతి. 10–14 రోజులకు కుట్లు తీస్తారు. మూడో వారం రోజుకు 5 నిమిషాలు చేత్తో పట్టుకుని నడిపించాలి. వారానికి 5 నిమిషాలు పెంచుతూ పోతే ఎనిమిదో వారానికి 30 నిమిషాలవుతుంది. అప్పుడు డాక్టరు కీలు చూసి సరే అన్నాకే జీను వేయాలి. మొదట రెండు వారాలు నడక స్వారీ మాత్రమే. ఆ తర్వాత నడక మధ్యలో రెండేసి నిమిషాల ట్రాట్ (నడక కన్నా వేగమైన దుడుకు నడక). కనీసం నెల రోజులు ట్రాట్ బాగా సాగాకే క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు). దూకించడం అన్నిటికన్నా చివర.

గుర్రం హుషారు చూసి పని పెంచకండి. దమ్ము కొన్ని వారాల్లోనే తిరిగి వస్తుంది, ఎముకా స్నాయువులూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. కీలు ఇంకా సిద్ధం కాకముందే గుర్రం పరిగెత్తుతానంటుంది. నిన్నటి పని కాలికి పడిందో లేదో ఈ రోజు పొద్దున తెలుస్తుంది.

నడక పెంచిన మర్నాడు కీలు ఉబ్బింది

దాణా పెట్టకముందే, గుర్రాన్ని బయటికి తీయకముందే చూడాలి. కట్టు ఉంటే విప్పి అరగంట ఆగండి, లేకపోతే కట్టు కింది వెచ్చదనమే కీలు వేడిలా తోస్తుంది. చేతి వెనుక వైపుతో రెండు కాళ్ల కీళ్లనూ మార్చి మార్చి తాకండి. కీలు మీద వెంట్రుకలు సన్నని గీతలా కత్తిరించి పెట్టుకుంటే దర్జీ టేపుతో రోజూ అదే చోట చుట్టుకొలత తీయొచ్చు. కొలత రాసి పెట్టుకోండి. కంటి అంచనాను నమ్మకండి.

రెండు కాళ్లూ సమానంగా ఉబ్బి, చల్లగా, మెత్తగా ఉండి, పది పదిహేను నిమిషాల నడకతో తగ్గిపోతే అది నిలబడి ఉండటం వల్ల దిగిన నీరు. కంగారు లేదు. ఆపరేషన్ అయిన కీలు ఒక్కటే బిగుతుగా, వెచ్చగా ఉంటే లోపలి పొర రేగిందని అర్థం: పని ఎక్కువైంది, లేదా నేల మెత్తని లోతు ఇసుక. వాపు రాని ఆఖరి మోతాదుకు వెనక్కి వెళ్లండి. గాయం పూర్తిగా మూసుకుని ఉంటే రోజుకు రెండుసార్లు 20 నిమిషాలు చన్నీటి ధార పట్టండి. తగ్గాక వారం పాటు అదే మోతాదు. మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. బ్యూట్ (గుర్రాలకు ఇచ్చే నొప్పి, వాపు మందు) వేసి పని సాగించడం మాత్రం చేయొద్దు, నొప్పి కనిపించకుండా పోతుంది, కీలు లోపల అరుగుతూనే ఉంటుంది.

ఉన్నట్టుండి కాలు మోపడం లేదు

ఇది అత్యవసరం. ఆపరేషన్ తర్వాతి రోజుల్లో ఇలా జరిగితే కీలులో ఇన్ఫెక్షన్‌ను ముందు అనుమానించాలి. ఉష్ణోగ్రత 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే అనుమానం బలపడుతుంది, కానీ బ్యూట్ మీద ఉన్న గుర్రానికి జ్వరం తెలియకపోవచ్చు. నడిపించొద్దు, లేపనాలు రాయొద్దు, సొంతంగా నొప్పి మందు ఇవ్వొద్దు. డాక్టరు కీలు ద్రవం తీసి చూస్తారు. మైక్రోలీటరుకు తెల్లకణాలు 30,000 దాటితే చీము పట్టినట్టే లెక్కించి కీలు కడుగుతారు. తెల్లారాక చూద్దామని ఆగితే ఆలోగా మృదులాస్థి దెబ్బతినొచ్చు.

డాక్టరు వచ్చేలోపు బాగున్న కాలును కూడా చూడండి. బరువంతా దాని మీదే పడుతుంటే ఆ గిట్టకు ల్యామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) రావచ్చు. ఫెట్‌లాక్ వెనుక పక్కన వేలు ఆనిస్తే మామూలుగా అందీ అందనట్టుండే నాడి గట్టిగా కొట్టుకుంటుంది, గిట్ట వేడెక్కుతుంది.

నడిపించబోతే గెంతులు, తన్నులు

పని ఆపి దాణా ఆపకపోతే ఇంతే. ఓట్స్, ఉలవలు ఆపరేషన్ నాటి నుంచే తగ్గించి, ఎండుగడ్డి శరీర బరువులో 1.5–2 శాతం పెట్టండి. 500 కిలోల గుర్రానికి 7.5–10 కిలోలు. ఒకేసారి వేయక నాలుగు దఫాలుగా వేస్తే పొద్దు గడుస్తుంది. సందడి లేని వేళ, పక్కన నెమ్మదైన గుర్రాన్ని తోడు పెట్టి తీయండి. అయినా ఆగకపోతే డాక్టరు మత్తు మందు రాస్తారు. ఒక్క గెంతు నెల రోజుల జాగ్రత్తను పాడుచేస్తుంది, కాబట్టి ఆ మందు అడగడానికి మొహమాటపడొద్దు. శాలలో ఉన్నన్నాళ్లూ లద్దె కుప్పలు లెక్కపెట్టండి. రోజుకు 8–12 ఉండాల్సినవి సగానికి పడిపోతే కడుపు బిగిసే ప్రమాదం ఉంది.

ట్రాట్‌లో తల ఊగుతోంది

నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు తాకినప్పుడు దిగుతుంది. గట్టి, సమతల నేల మీద తిన్నగా ట్రాట్ చేయించి పక్క నుంచి వీడియో తీయండి. తిన్నగా బాగుండి చిన్న వలయాల్లోనే కుంటితే కీలు ఇంకా పక్క ఒత్తిడి తట్టుకోవడం లేదు. మరో రెండు మూడు వారాలు తిన్నని దారులే, తర్వాత 20 మీటర్ల వలయాలు. తిన్నగా పోతున్నప్పుడే తల ఊగితే స్వారీ ఆపి ఎక్స్‌రే తీయించండి.

తొట్రుపాటు

చాలావరకు గిట్ట ముందు భాగం పెరగడమే కారణం. గుర్రం పని చేయడం లేదు కదా అని లాడం మనిషిని పిలవడం మానేస్తారు. పొడవు గిట్ట అడుగు తీసేటప్పుడు కీలును లాగుతుంది. 4–6 వారాలకోసారి చెక్కించాలి. మోకాలు ఆపరేషన్ అయిన కాలును ఎత్తుగా మడిచి పట్టుకోనివ్వకండి. తక్కువ ఎత్తులో, కొద్దికొద్ది సేపే.

జీను వేయగానే చెవులు వెనక్కి

వెన్ను కండ కరిగింది, పాత జీను ఇప్పుడు దిగిపోయి వితర్స్ (మెడ, వీపు కలిసే చోటి ఎత్తు) మీద కూర్చుంటుంది. మనిషి ఎక్కాక కూడా జీను ముందు వంపు కింద రెండు వేళ్లు దూరాలి. ప్యాడ్ మార్చండి, నెలయ్యాక మళ్లీ చూడండి.

ఒకే మెట్టు దగ్గర మూడోసారి ఆగింది

ప్రతిసారీ ట్రాట్ 15 నిమిషాలకు చేరగానే కీలు ఉబ్బుతోందంటే, అది కీలు అరుగుదల అయ్యుండొచ్చు. డాక్టరు ఎక్స్‌రే చూసి ఇంజెక్షన్ పనికొస్తుందో లేదో చెబుతారు. ఫలితం రాకపోతే ఆ గుర్రాన్ని 10 నిమిషాల ట్రాట్ దగ్గరే ఉంచి, పిల్లలకు నడక స్వారీ నేర్పే పనికి పెట్టండి.