ఫిట్స్ ముందు కనిపించేవాటిని డాక్టరుకు చెప్పడం ఎలా

నాకు ఫిట్స్ వచ్చే ముందు ఎడమ పక్కన ఎర్రటి, పచ్చటి చుక్కలు గిర్రున తిరుగుతాయి. ఒక్కోసారి వాటి వెనకే, ఎప్పుడో చనిపోయిన మా అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ కనిపిస్తుంది. నిజం కాదని ఆ క్షణంలోనే తెలుస్తుంది, అయినా కళ్ళ ముందు నుంచి కదలదు. దీన్ని "ఏవేవో కనిపిస్తాయండీ" అని చెబితే డాక్టరుకు ఏమీ అందదు.

తేరుకోగానే, ఇంట్లోవాళ్ళతో మాట్లాడకముందే, ఫోన్లో మాట రికార్డు చేయండి. ముందు చూసింది మాత్రమే: ఏ పక్క, ఏ రంగు, కదిలిందా, ఎంతసేపు. పక్క ముఖ్యం. ఎడమవైపు కనిపించేదాన్ని చూసేది మెదడు కుడి సగం. రంగు చుక్కలైతే మెదడు వెనక భాగం మీద అనుమానం. మనుషులు, పాత సంగతులైతే చెవుల పైనుండే టెంపోరల్ భాగం మీద. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ ఉండేది అక్కడే. వంకరటింకర గీతలు మెల్లగా పాకుతూ పావుగంటో అరగంటో ఉంటే మైగ్రేన్ కూడా కావచ్చు. ఫిట్స్‌వి చాలావరకు సెకన్లలోనో, రెండు మూడు నిమిషాల్లోనో అయిపోతాయి.

ఆ తర్వాతే, విడిగా, గుర్తొచ్చింది చెప్పండి. రెండూ కలిపేస్తే మనసు ఖాళీలు నింపేస్తుంది. మా అమ్మనడిగితే, అమ్మమ్మ జన్మలో కళ్ళజోడు పెట్టుకోలేదంది! అంటే నాకు కనిపించేది జరిగింది జరిగినట్టు కాదు, అక్కడా ఇక్కడా ముక్కలు తెచ్చి కుట్టిందన్నమాట. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ మెలకువగా ఉన్న రోగుల టెంపోరల్ భాగాన్ని కరెంటుతో తాకినప్పుడు కొందరికి పాత దృశ్యాలు కనిపించాయి. అవి అసలు జ్ఞాపకాలేనా అన్న వాదన తర్వాత చాలా నడిచింది. అందుకే నా నోటుబుక్కులో "నిజంగా జరిగిందా?" అని ఒక గడి పెట్టుకున్నాను. అది వెంటనే నింపను, తెలిసినవాళ్ళను అడిగాకే.

పిచ్చి అంటారేమోనని దాచకండి. న్యూరాలజిస్టులకు ఇది కొత్తేమీ కాదు.

ఇంట్లోవాళ్ళకు రెండు పనులు అప్పజెప్పండి: టైము చూడటం, వీడియో తీయడం. మూర్ఛ 5 నిమిషాలు దాటితే వీడియో పక్కనపెట్టి అంబులెన్సు పిలవాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు.

ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) మామూలుగానే వచ్చినా మాత్రలు సొంతంగా ఆపకండి. ఆ పరీక్ష జరిగిన కాసేపట్లో మెదడు నిమ్మళంగా ఉండి ఉండొచ్చు. నోటుబుక్కు మాత్రం డాక్టరు ముందు పెట్టండి.