మీ కంపెనీ విలీనం ప్రకటించిందా? ముందు కాలిక్యులేటర్ తీయండి

మీ దగ్గర షేర్లున్న కంపెనీ అసలే నీరసంగా నడుస్తోంది, పొద్దున్నే ఫోన్ తీస్తే అంతే నీరసంగా ఉన్న ఇంకో కంపెనీతో విలీనమని వార్త. అమ్మేయాలా, ఇంకొన్ని కొనాలా అని టెన్షన్ పడకుండా, ఒక పాత కేసు ముందు పెట్టుకుని లెక్క ఎలా వేయాలో చూద్దాం. 2001 సెప్టెంబర్‌లో అమెరికా కంప్యూటర్ కంపెనీలు హెచ్‌పీ, కాంపాక్ కలుస్తున్నామన్నాయి, కాంపాక్‌ని హెచ్‌పీ కొంటుందన్నమాట. పీసీల అమ్మకాలు పడిపోయి, డెల్ ధరలు కోసి ఇద్దరినీ ఉతికేస్తున్న రోజులవి.

ముందు మార్పిడి నిష్పత్తి, అంటే మీ ఒక్కో షేరుకి అవతలి కంపెనీ షేర్లు ఎన్ని ఇస్తారన్నది వెతకండి. "25 బిలియన్ డాలర్ల డీల్" అనే హెడ్‌లైన్‌ని పట్టించుకోవద్దు, అందులో నగదు లేదు. ఒక్కో కాంపాక్ షేరుకి 0.6325 హెచ్‌పీ షేరు, అంతే. ప్రకటనకి ముందు హెచ్‌పీ ధర 23.21 డాలర్లు, గుణిస్తే 14.68. కాంపాక్ అప్పటికి 12.35 కాబట్టి 19 శాతం దాకా ప్రీమియం, అంటే మార్కెట్ ధర మీద అదనం. బానే ఉంది కదా? సెప్టెంబర్ 4న మార్కెట్ తెరిచారు, సాయంత్రానికి హెచ్‌పీ 18.87. మళ్ళీ గుణించండి: 11.94. ప్రీమియం సంగతి దేవుడెరుగు, పాత ధర కూడా రాలేదు. నేనూ ఒకసారి ప్రీమియం అన్న మాట చూసి, నిష్పత్తి చూడకుండా కొని చేతులు కాల్చుకున్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి.

తర్వాత తేడా చూడండి. ఆ రోజు కాంపాక్ 11.08 దగ్గర ముగిసింది. లెక్క ప్రకారం రావాల్సింది 11.94, మార్కెట్ ఇస్తున్నది 11.08. ఆ 86 సెంట్లు ఊరికే లేవు: డీల్ నెలల తరబడి సాగుతుంది, మధ్యలో చెడిపోవచ్చు కూడా, ఆ అనుమానం ఖరీదు అది. తేడా తగ్గుతుంటే డీల్ జరుగుతుందన్న నమ్మకం పెరుగుతున్నట్టు, పెరుగుతుంటే ఎక్కడో ఏదో బెడిసికొడుతున్నట్టు. ఇంకో సంగతి, ఈ తేడా మీదే బతికే ఫండ్లు అమ్ముడుపోతున్న కంపెనీ షేరు కొని, కొంటున్న కంపెనీ షేరుని షార్ట్ చేస్తాయి, అంటే అరువు తెచ్చి అమ్మేస్తాయి. అందుకని హెచ్‌పీ పడినదంతా మదుపరుల కోపమే అనుకోకండి, కొంత వీళ్ళ పని కూడా.

అసలు కోపం నవంబర్ 6న కనబడింది. హెచ్‌పీ వ్యవస్థాపకుల్లో ఒకరి కొడుకు, బోర్డు సభ్యుడు కూడా అయిన వాల్టర్ హ్యూలెట్ ఈ విలీనానికి వ్యతిరేకంగా ఓటేస్తానన్నాడు. ఆ ఒక్క రోజే హెచ్‌పీ దాదాపు 17 శాతం ఎగిరింది! డీల్ చెడుతుందేమో అన్న ఆశకే జనం ఎగబడి కొన్నారన్నమాట. మీ కంపెనీ డీల్‌కి అడ్డంకి వార్త వచ్చిన రోజు ఎవరి షేరు ఎటు పోయిందో రాసిపెట్టుకోండి, ప్రకటన రోజు కదలిక కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఇక విలీనంతో ఏడాదికి ఇంత ఆదా అనే లెక్కలు (హెచ్‌పీ, కాంపాక్ 2.5 బిలియన్ డాలర్లన్నాయి). ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉద్యోగాలు తీసేస్తే ఖర్చు తగ్గేది నిజమే, కానీ ఇద్దరిదీ ఒకే రకం సరుకైనప్పుడు ఏది ఉంచుతారో ఏది ఆపేస్తారో తెలియక కస్టమర్లు ఆర్డర్లు ఆపేస్తారు, లేదా పక్క కొట్టుకి పోతారు. ఆ నష్టం ప్రెజెంటేషన్‌లో ఉండదు.

మొదటి గంటలో మాత్రం ఏమీ చేయకండి. 2017 మార్చి 20న వొడాఫోన్‌తో విలీనం ప్రకటించినప్పుడు ఐడియా షేరు పొద్దున ఎగిరింది, సాయంత్రానికి దాదాపు 10 శాతం నష్టంతో ముగిసింది.

చివరిది ఓటు. 2002 మార్చి 19న హెచ్‌పీ వాటాదారుల ఓటింగ్‌లో డీల్ 51.4 శాతంతో గట్టెక్కింది, అంత దగ్గర. మన దగ్గర విలీన పథకానికి ఓటేసినవాళ్ళ వాటాల విలువలో నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి, మీ పది షేర్లకీ ఈ-ఓటింగ్ లింకుతో మెయిల్ వస్తుంది. ఇన్‌బాక్స్‌లో కనబడకపోతే ప్రమోషన్స్ ట్యాబ్‌లో, స్పామ్‌లో వెతకండి, నాది ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.